సవర పిల్లల గిడుగు తాత

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. అది గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు. ఆయన మన సవర పిల్లలకూ తాతగారే అని మన యువతలో ఎందరికి తెలుసు?

1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. చుట్టుపక్కల కొండల్లోని సవరలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలనుకున్నారు. తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు.

కొండలు తిరగడంతో మలేరియా పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చింది. అయినా పని మానలేదు. సవర వాచకాలు రాశారు, కథలు, పాటలు సేకరించారు. సొంత డబ్బుతో బడులు పెట్టి పంతుళ్లకు జీతాలిచ్చారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమన్నారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. 1940 జనవరి 22న కన్నుమూశారు.

మన కొత్తవలస నుంచే కొండల మీదికి కిరండూల్ రైలు వెళ్తుంది. ఆ కొండల నుంచి హాస్టళ్లకు దిగిన పిల్లలు నలుగురిలో ఇంటి భాష మాట్లాడటానికి సిగ్గుపడటం వార్డెన్‌గా చూస్తుంటాను. సవరవాడు కాకపోయినా సవర మాట కోసం ఆయన వినికిడి పోగొట్టుకున్నారు. సవరైనా, కువి అయినా, గదబైనా మన మాట మనమే నిలుపుకోవాలి. ఈ సెలవులకు ఊరెళ్తే, మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే ఒక కథ నోటుబుక్కులో రాసి తెచ్చుకోండి.