అల్ ఖ్వారిజ్మీ: కూడికను చిన్నచూపు చూడని మహావిద్వాంసుడు

మన నగర్‌కు పేరిచ్చిన డాక్టర్ ఏ.ఎస్. రావు గారు 1967లో ఏర్పడిన ఈ.సి.ఐ.ఎల్.కు వ్యవస్థాపకులు. ఆ సంస్థలో కంప్యూటర్లు తయారైనవి. కంప్యూటరు లెక్క చేసే వరుసక్రమాన్ని అల్గారిథమ్ అంటారు. ఆ మాట ఒక ముస్లిం విద్వాంసుని పేరు నుండి వచ్చిందని మన పిల్లలకు తెలియాలి. ఆయనే ముహమ్మద్ బిన్ మూసా అల్ ఖ్వారిజ్మీ.

ఆయన సుమారు క్రీ.శ. 780లో జన్మించి, 850 ప్రాంతంలో కన్నుమూశారు. ఖలీఫా మామూన్ పాలనలో (813–833) బాగ్దాదులోని బైతుల్ హిక్మాలో పనిచేశారు. ఖగోళ పట్టికలు, భూగోళ గ్రంథము రచించారు. అల్జీబ్రా అనే పేరు ఆయన గ్రంథము నుండి వచ్చినదే. అందులో చాలా భాగము వారసత్వపు వాటాల లెక్కలు. అంటే విద్య జనానికి పనికిరావాలన్నదే ఆయన ఉద్దేశము.

అంతటి పండితుడు భారతదేశపు అంకెలతో లెక్కలు ఎలా చేయాలో చెప్పడానికి వేరుగా ఒక పుస్తకము రాశారు. దాని అరబీ ప్రతి దొరకలేదు. లాటిన్ రూపము మిగిలింది. ఏ స్థానము కింద ఆ స్థానము వేసి కూడాలి, పది అయితే పై స్థానానికి ఒకటి చేర్చాలి, ఏమీ మిగలని చోట చిన్న సున్న పెట్టాలి అని అందులో ఓపికగా వివరించారు.

58కి 42 కూడండి. 8, 2 కలిస్తే పది. సున్న వేసి ఒకటి హాసిల్. 5, 4, 1 కలిస్తే మళ్ళీ పది. జవాబు 100. ఆ రెండు సున్నలు మరిస్తే నూరు కాస్తా ఒకటే అవుతుంది!

మన తెలుగునాట కూడా 11వ శతాబ్దంలో పావులూరి మల్లన గణితాన్ని తెలుగులోకి తెచ్చారు.

ఉపాధ్యాయులుగా మేము చెప్పేది ఒక్కటే. ఆరు, ఏడు తరగతుల పిల్లలు కొందరు ఈ హాసిల్ దగ్గరే తడబడతారు. ఇంత పెద్దయ్యావు, కూడిక రాదా అని నలుగురిలో చిన్నబుచ్చితే లెక్కలంటేనే భయపడి, చివరికి బడి మానేస్తారు. ఉర్దూ లిపి కుడి నుండి ఎడమకు నడుస్తుంది, అంకెల్లో పెద్ద స్థానము మాత్రం ఎడమవైపే ఉంటుంది. ఈ సంగతి కూడా విడమరచి చెప్పాలి. ఖ్వారిజ్మీ అంతటివారే కూడికను మొదటినుండి నేర్పగా, మనకు నామోషీ ఎందుకు? తల్లిదండ్రులారా, రోజూ ఒక్క పావుగంట పిల్లల పక్కన కూర్చోండి. కోపము వద్దు, పలకా బలపమూ చాలు.