ఒకే చూరు కింద: నందలాల్ బోస్

మన రాజ్యాంగం మూలప్రతిని చూసినవారికి ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. అందులో అక్షరాలతో పాటు బొమ్మలు కూడా ఉన్నాయి. మొహెంజొదారో ఎద్దు ముద్ర, గురుకులం, బుద్ధుడు, అక్బరు, ఝాన్సీ లక్ష్మీబాయి, దండి యాత్రలో గాంధీజీ... ఇలా 22 భాగాలకు 22 చిత్రాలు. ఇంగ్లిషు ప్రతిని చేతితో రాసినవారు ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా. చిత్రాల బాధ్యత శాంతినికేతనంలోని నందలాల్ బోస్‌ది. అయితే ఆయన ఒక్కరే కూర్చుని ఆ పని ముగించలేదు. తన శిష్యులను, ఇంటివారిని కూడా అందులో చేర్చుకున్నారు. పీఠిక ఉన్న పేజీని అలంకరించినది ఆయన శిష్యుడు బ్యోహార్ రామ్‌మనోహర్ సిన్హా. అంత పెద్ద పని వచ్చినప్పుడు కలిసి చేయగల మనుషులు ఆయన చుట్టూ సిద్ధంగా ఉన్నారు. వారు అలా ఎలా తయారయ్యారన్నదే ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాం.

మాది బదిలీల ఉద్యోగం. ఏ రాష్ట్రంలో పనిచేసినా, పన్నెండో తరగతి పరీక్షలు అయ్యాక పిల్లలు మమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతూనే ఉంటారు. కొన్ని విశ్వవిద్యాలయాల్లో ఒకే విషయం చదివేవారందరికీ ఒకే వసతిగృహం ఇస్తున్నారు కదా, అలా ఉండటం మంచిదా, లేక అన్ని శాఖల వారితో కలిసిమెలిసి ఉండటం మంచిదా అని. నందలాల్ జీవితం చదివినప్పుడు ఈ ప్రశ్నకు మాకు ఒక జవాబు దొరికింది.

నందలాల్ 1882 డిసెంబరు 3న బీహారులో ముంగేరు జిల్లా ఖరగ్‌పూర్‌లో పుట్టారు. తండ్రి పూర్ణచంద్ర బోస్ దర్భంగా సంస్థానంలో ఉద్యోగి. తల్లి క్షేత్రమణి దేవి బొమ్మలు చేయడంలో నేర్పరి. తల్లి చేతి బొమ్మలు, ఊళ్లో కుమ్మరులు చేసే విగ్రహాలు చూస్తూ ఆ పిల్లవాడు పెరిగాడు. పదిహేనేళ్ల వయసులో చదువు కోసం కలకత్తా వెళ్లారు. అక్కడ కళాశాల చదువు ఆయనకు అచ్చిరాలేదు. పరీక్షలు తప్పారు. వాణిజ్య శాస్త్రంలో చేరితే అదీ సాగలేదు. చివరికి ఇంటివారిని ఒప్పించి 1905లో కలకత్తా ప్రభుత్వ చిత్రకళా పాఠశాలలో చేరారు. అక్కడ అవనీంద్రనాథ్ ఠాగూరు గురువుగా దొరికారు. అప్పటిదాకా పరీక్షల్లో వెనకబడిన ఆ యువకుడు అయిదేళ్లలో దేశమంతా గుర్తించే చిత్రకారుడయ్యారు.

1909 చలికాలంలో ఆయనకు మరో బడి దొరికింది. అదే అజంతా. లేడీ హెరింగ్‌హామ్ అనే ఆంగ్ల చిత్రకారిణి ఆ గుహల చిత్రాలకు నకళ్లు తీయించడానికి ఒక బృందాన్ని కూడగట్టారు. అజంతా అప్పట్లో నిజాం రాజ్యంలో ఉండేది. బెంగాలు నుంచి వెళ్లిన యువ చిత్రకారులతో పాటు హైదరాబాదు చిత్రకారులు కూడా ఆ బృందంలో పనిచేశారు. అజంతా గుహల్లో ఎక్కువ భాగం విహారాలు. అంటే భిక్షువులు నివసించి, చదువుకుని, ధ్యానం చేసుకున్న వసతిగృహాలు. వారు పడుకున్న చోటే గోడల మీదా పైకప్పు మీదా చిత్రాలు ఉన్నాయి. నివాసం వేరు, విద్య వేరు అన్న గీత అక్కడ లేదు. నందలాల్ తర్వాత చేసిన పనికి బీజం అక్కడే పడిందని మాకు తోస్తుంది.

రవీంద్రనాథ్ ఠాగూరు 1919లో శాంతినికేతనంలో కళాభవన్‌ను ప్రారంభించారు. నందలాల్ అక్కడికి వచ్చి, 1922 నుంచి 1951 వరకు దాని అధిపతిగా ఉన్నారు. విద్యార్థులు ఆయనను మాస్టర్‌మశాయ్ అని పిలిచేవారు. మన మాస్టారు గారు అన్నట్టే. చిత్రలేఖనం, శిల్పం నేర్చుకునే పిల్లలు అక్కడే వసతిగృహాల్లో ఉండేవారు. గంట కొట్టగానే పాఠం ముగిసిపోయేది కాదు. మాస్టారు కుటుంబం కూడా ఆ ఆవరణలో భాగమే. ఆయన కుమార్తెలు గౌరి, యమున కూడా కళాభవన్‌లో విద్య నేర్పారు. శిష్యులను వెంటబెట్టుకుని ఆయన విహారయాత్రలకు వెళ్లేవారు. గుడారాలు వేసుకుని, కలిసి వండుకుని తిని, చూసిన చెట్టునూ గుట్టనూ గీసేవారు. దూరంగా ఉన్న శిష్యులకు పోస్టుకార్డుల మీద బొమ్మలు వేసి పంపడం ఆయనకు అలవాటు.

ఆ కలిసి బతకడానికి గుర్తుగా ఒక ఇల్లు ఇప్పటికీ నిలిచి ఉంది. దాని పేరు కాలో బాడి, అంటే నల్ల ఇల్లు. 1930లలో కళాభవన్ విద్యార్థుల వసతి కోసం కట్టారు. గోడలు మట్టివి. వాన నుంచి, చెదల నుంచి కాపాడటానికి పైన తారు పూశారు. నందలాల్, రామ్‌కింకర్ బైజ్‌ల చేయూతతో విద్యార్థులే ఆ గోడల మీద ఉబ్బెత్తు బొమ్మలు మలిచారు. భార్హుత్ వంటి మన ప్రాచీన శిల్పాల నమూనాలతో పాటు ఈజిప్టు వంటి దూరదేశాల శిల్పాల నమూనాలూ అక్కడ కనిపిస్తాయి. హాస్టల్ గోడ మీద పేర్లు చెక్కడం మన పిల్లలకు తెలిసిన విద్య. ఆ పిల్లలు మాత్రం గోడనే పాఠ్యపుస్తకం చేసుకున్నారు.

ఇక్కడే ఒక ప్రమాదం కూడా పొంచి ఉంటుంది. ఒకే పని చేసేవారు ఒకే చూరు కింద ఏళ్ల తరబడి ఉంటే, అందరి చేతులూ గురువు చేతిలాగే మారిపోవచ్చు. నందలాల్ శిష్యులను చూస్తే అలా జరగలేదని తెలుస్తుంది. రామ్‌కింకర్ బాంకురాలోని పేద క్షురక కుటుంబం నుంచి 1925లో వచ్చారు. తైలవర్ణాలు నందలాల్‌కు అంతగా రుచించేవి కావు. రామ్‌కింకర్ వాటితోనే చిత్రాలు వేశారు. సిమెంటు, గులకరాళ్లు కలిపి 1938లో సంతాల్ కుటుంబం అనే పెద్ద శిల్పాన్ని కళాభవన్ ఆవరణలోనే నిలబెట్టారు. అది గురువు పద్ధతి కాదు. అయినా గురువు నీడలోనే ఆ పని సాగింది.

వినోద్ బిహారీ ముఖర్జీకి చిన్ననాటి నుంచే చూపు బాగా తక్కువ. అటువంటి విద్యార్థికీ కళాభవన్‌లో చోటు దొరికింది. ఆయన 1940లో అక్కడి వసతిగృహం పైకప్పు మీద బీర్‌భూమ్ పల్లెను చిత్రించారు. చెరువు, చెట్లు, పొలాలు, పశువులు, మనుషులు. అదే ఏడాది సత్యజిత్ రాయ్ విద్యార్థిగా అక్కడ అడుగుపెట్టారు. తల ఎత్తితే ఆ పల్లె కనిపించింది. వినోద్ బిహారీ తర్వాతి కాలంలో పూర్తిగా చూపు కోల్పోయారు. 1972లో రాయ్ ఆయన మీద ది ఇన్నర్ ఐ అనే చిత్రం తీశారు. ఒక హాస్టల్ పైకప్పు మీద మొదలైన పరిచయం అంత దూరం నడిచింది. కేరళకు చెందిన కె.జి. సుబ్రమణ్యన్ మద్రాసులో అర్థశాస్త్రం చదువుతూ స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్లి, 1944లో ఈ గూటికే చేరారు. వీరందరి చిత్రాలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరి గీత మరొకరి గీతలా ఉండదు.

ఇంకొక కారణం కూడా ఉంది. ఆ ఇంటి తలుపులు మూసి ఉంచలేదు. పక్కనున్న సంతాల్ పల్లెలు ఆ విద్యార్థుల చిత్రాల నిండా కనిపిస్తాయి. 1938లో గుజరాత్‌లోని హరిపురలో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు, గాంధీజీ కోరిక మీద నందలాల్ ప్రాంగణ అలంకరణ బాధ్యత తీసుకున్నారు. వడ్రంగి, డోలు వాయించేవాడు, దూదేకులవాడు, పాలు చిలికే స్త్రీ వంటి పల్లె మనుషులను పటాలుగా వేశారు. వాటి నుంచి శిష్యులు నకళ్లు చేశారు. సభకు వచ్చిన రైతు తన బతుకునే అక్కడ చూసుకున్నాడు. చిత్రకారుల గుంపు చిత్రకారుల కోసమే పనిచేస్తే ఆ పటాలు పుట్టేవి కావు.

1954లో ప్రభుత్వం నందలాల్‌కు పద్మవిభూషణ్ ఇచ్చింది. 1966 ఏప్రిల్ 16న ఆయన కన్నుమూశారు. 2023లో శాంతినికేతనం ప్రపంచ వారసత్వ ప్రదేశాల జాబితాలో చేరింది. నల్ల ఇల్లు కూడా ఆ ఆవరణలోదే.

కాబట్టి విద్యార్థులారా, మీరు అడిగే ప్రశ్నకు మా జవాబు ఇది. ఒకే విషయం చదివేవారితో ఉండే అవకాశం వస్తే వదులుకోకండి. పక్క మంచం మీద వాడికి అదే పుస్తకం మీద ఇష్టం ఉంటే, రాత్రి భోజనాల తర్వాత కూడా పాఠం నడుస్తుంది. కానీ మూడు సంగతులు చూసుకోండి. అక్కడ అందరూ కలిసి చేసే పని ఏదైనా ఉందా? మీ గీత మీరు గీసుకునే వీలుందా? కిటికీ తెరిస్తే పక్క ఊరు కనిపిస్తుందా? ఈ మూడూ ఉన్నచోట మీరు నిశ్చింతగా ఉండవచ్చు. ఏదైనా లోపిస్తే, దాన్ని సమకూర్చుకునే పని మీ నుంచే మొదలు కావచ్చు. నల్ల ఇంటి గోడల మీద బొమ్మలు చేసినవారు కూడా మీ వంటి విద్యార్థులే.