చెత్తకుప్ప మీది బిడ్డ, సంఘానికి వైద్యుడు: జీవకుడి జీవితం



ఒంట్లో బాగాలేకపోతే మనవాళ్ళు ముందుగా అనే మాట, పోయిన జన్మలో ఏ పాపం చేశామో అని. ఆ మాట పట్టుకుని కూర్చున్నవాళ్ళు తిండి మార్చుకోరు, నడక మొదలుపెట్టరు, డాక్టరు దగ్గరికి కూడా ఆలస్యంగానే వెళ్తారు. అలాంటివాళ్ళకు జీవకుడి కథ చెప్పాలి. వినయ పిటకంలోని మహావగ్గంలో ఆ కథ వివరంగా ఉంది.

సుమారు 2500 ఏళ్ళ కిందటి సంగతి. మగధ రాజధాని రాజగృహంలో సాలవతి అనే గణిక మగబిడ్డను కన్నది. బిడ్డను పాత చేటలో పెట్టించి, దాసి చేత చెత్తకుప్ప మీద పారవేయించింది. కాకులు మూగాయి. అటుగా వెళ్తున్న అభయ రాజకుమారుడు చూసి, అదేమిటని అడిగాడు. పసిబిడ్డ అన్నారు. బతికే ఉన్నాడా అంటే, ఉన్నాడన్నారు. బతికి ఉన్నాడు గనక జీవకుడయ్యాడు. రాజకుమారుడు పెంచాడు గనక కొమారభచ్చుడు అనే పేరూ వచ్చింది.

ఊహ తెలిశాక, చేతిలో విద్య లేకుండా రాజుల ఇంట్లో బతకడం కష్టమని అతనికి అర్థమైంది. ఎవరికీ చెప్పకుండా తక్షశిలకు వెళ్ళి, పేరున్న ఒక ఆచార్యుడి దగ్గర ఏడేళ్ళు వైద్యం నేర్చుకున్నాడు. చివర్లో గురువు పరీక్ష పెట్టాడు. పలుగు పట్టుకుని తక్షశిల చుట్టూ యోజనం మేర తిరిగి, మందుకు పనికిరానిది ఏది కనబడితే అది తెమ్మన్నాడు. జీవకుడు అంతా తిరిగి వట్టి చేతులతో వచ్చాడు. మందు కానిది ఒక్కటీ కనబడలేదన్నాడు. చదువు పూర్తయిందని గురువు పంపేశాడు. ఈ లోకంలో పనికిరానిది లేదని తేల్చినవాడు ఎవరో చూడండి. పనికిరాడని ఒకప్పుడు పారేసిన బిడ్డే!

దారిలో సాకేతంలో ఒక శ్రేష్ఠి భార్యకు ఏడేళ్ళుగా తలనొప్పి. మందులు వేసి కాచిన నెయ్యిని ముక్కు ద్వారా ఇచ్చి తగ్గించాడు. ఆ ఇంటివాళ్ళు మొత్తం 16,000 ఇచ్చారు. తొలి సంపాదన తెచ్చి పెంచిన తండ్రి ముందు పెడితే, ఆయన తీసుకోకుండా ఇక్కడే ఇల్లు కట్టుకోమన్నాడు.

రాజగృహంలో ఒక శ్రేష్ఠికి తల తెరిచి శస్త్రచికిత్స చేశాడు. చేసేముందు ఒక్కో పక్కన ఏడు నెలలు, వెల్లకిలా ఏడు నెలలు పడుకుంటానని ఒప్పించాడు. ఆ మనిషి ఒక్కో వైపు ఏడు రోజులకే తట్టుకోలేకపోయాడు. జీవకుడికి కావలసిందీ అంతే. ఏడు రోజులని ముందే చెబితే అన్నాళ్ళు కూడా పడుకోడని ఆయనకు తెలుసు. మనం పథ్యం ఎలా పాటిస్తామో ఆనాడే కనిపెట్టాడన్నమాట!

బింబిసార మహారాజుకు భగందరం నయం చేశాక, రాజుకూ, బుద్ధుడికీ, భిక్షు సంఘానికీ ఆయనే వైద్యుడయ్యాడు. ఒకసారి తథాగతుడి శరీరంలో దోషాలు పెరిగాయి. జీవకుడు తొందరపడలేదు. ముందు కొన్ని రోజులు ఒంటికి నూనె పట్టించాడు. తర్వాత తామరపూలకు మందు పట్టించి, వాసన చూపించి మెల్లగా విరేచనం చేయించాడు. ఆపైన వేడినీళ్ళ స్నానం, కోలుకునేదాకా తేలికైన ఆహారం. ఇవాళ్టి ఆయుర్వేదంలోనూ స్నేహనం, విరేచనం, పథ్యం ఇదే వరుసలో ఉంటాయి. మనం గమనించాల్సింది ఇంకొకటుంది. బుద్ధుడికీ జబ్బు చేసింది. ఆయన శాంతులు చేయించలేదు, కర్మ అని ఊరుకోలేదు, వైద్యుడి మాట విన్నాడు.

రాజగృహంలోనే శివకుడనే పరివ్రాజకుడు, మనకు కలిగే ప్రతి బాధా పూర్వకర్మ ఫలమేనా అని అడిగితే, బుద్ధుడు ఒప్పుకోలేదు. పిత్తం, కఫం, వాతం, ఆ మూడూ కలవడం, రుతువుల మార్పు, ఒంటిని అడ్డదిడ్డంగా వాడుకోవడం, దెబ్బలు, ఇలా ఎనిమిది కారణాలు చెప్పాడు. కర్మ వాటిలో ఒక్కటి మాత్రమే. మిగతావి లోకానికి తెలిసినవేనన్నాడు.

వైశాలిలో జీవకుడు ఇదే చూశాడు. ఉపాసకులు పెట్టే రుచికరమైన భోజనాలు తిని భిక్షువులు జబ్బుపడుతున్నారు. ఆయన మందుల సంచీ విప్పలేదు. నడవడానికి బాట, చెమట పట్టించే స్నానశాల కావాలని బుద్ధుణ్ణి అడిగాడు. బుద్ధుడు రెండూ అనుమతించాడు. ఆ నడకే చంక్రమణం. దానివల్ల ప్రయాణానికి ఓపిక, సాధనకు శక్తి, జబ్బులు తగ్గడం, తిన్నది అరగడం, నడకలో కుదిరిన ఏకాగ్రత చాలాసేపు నిలవడం అనే ఐదు లాభాలు చెప్పాడు. ఒంటికీ మనసుకూ ఒకేసారి పనిచెప్పే యోగం అది. చాప కొనక్కర్లేదు, ఫీజు కట్టక్కర్లేదు.

జీవకుడు తన మామిడితోటను సంఘానికి దానం చేశాడు. రాజగిర్‌లో ఆ విహారానివిగా గుర్తించిన రాతి పునాదులు ఇప్పటికీ ఉన్నాయి.

మిత్రులారా, షుగరూ బీపీ ఇంటింటికీ వచ్చిన రోజులివి. డాక్టరిచ్చిన మందు మానొద్దు. దానితోపాటు ఆకలి తెలిసి తినండి, రుతువును బట్టి తినండి, రోజూ కాసేపు ఎరుకతో నడవండి, వేళకు పడుకోండి. పుట్టుక జీవకుణ్ణి చెత్తకుప్పలో వేసింది. ఆయన్ను అక్కణ్ణుంచి లేపింది ఒక మనిషి కరుణ, నిలబెట్టింది సొంత శ్రమ. మన రాత కూడా సగం మన కంచంలో, మన కాళ్ళలో ఉంది. రేపు పొద్దున్నే నడక మొదలుపెట్టండి.