మూడు తరాల పాట – సాలీ స్లోన్

జానపదం అనగానే మనవాళ్ళకి బుర్రకథ, తంబురా, గుమ్మెటలు గుర్తుకొస్తాయి. ఆస్ట్రేలియా అనగానే మాత్రం క్రికెట్టు, కంగారూలే! ఈ దేశానికి వచ్చిన వలస కుటుంబాల్లో కూడా నోటి పాటల సంప్రదాయం ఒకటి ఉందని ఇక్కడికొచ్చిన చాలా ఏళ్ళకి గానీ నాకు తెలియలేదు. ఆ సంప్రదాయంలో ముందుగా వినిపించే పేరు సాలీ స్లోన్. ఇక్కడి జానపద సంగీత ప్రియులందరికీ తెలిసిన ఆవిడని మన తెలుగువాళ్ళకి పరిచయం చేద్దామని ఈ చిన్న ప్రయత్నం.

ఆవిడ అసలు పేరు యూనిస్ ఎవలీన్. 1894లో న్యూ సౌత్ వేల్స్‌లోని పార్క్స్ అనే ఊళ్ళో పుట్టింది. కథ మాత్రం అంతకంటే చాలా ముందే మొదలైంది. ఆవిడ అమ్మమ్మ సారా అలెగ్జాండర్ 1838లో ఐర్లండ్‌లోని కెర్రీ ప్రాంతం నుంచి ఓడెక్కి ఇక్కడికి వచ్చింది. ఆవిడతో పాటే పాటలూ వచ్చాయి. అవి అమ్మమ్మ నుంచి అమ్మకి, అమ్మ నుంచి సాలీకి అందాయి. పుస్తకం చూసి నేర్చుకున్నవి కావు, అన్నీ విని పట్టుకున్నవే. అకార్డియన్, ఫిడేలు, మౌతార్గాన్ కూడా ఆవిడకి అలాగే అబ్బాయి.

తమాషా ఏమిటంటే, పార్క్స్ నుంచి సముద్రం మూడు వందల కిలోమీటర్ల పైమాటే. అయినా ఆవిడ పాడిన పాటల్లో సముద్రం మీదికి వెళ్ళిన ప్రియుడి కోసం ఎదురుచూసే అమ్మాయిలున్నారు! అమ్మమ్మ దాటి వచ్చిన సముద్రాన్ని మనవరాలు పాటలోనే చూసిందన్నమాట.

అలాగని అన్నీ ఐర్లండ్ పాటలే కాదు. పార్క్స్‌కి దగ్గర్లోనే ఫోర్బ్స్ ఊరు ఉంది. బెన్ హాల్ అనే దారిదోపిడీ దొంగని పోలీసులు 1865లో అక్కడికి దగ్గర్లోనే కాల్చి చంపారు. జనం అతని మీద పాట కట్టుకున్నారు. సాలీ అదీ పాడింది. మన రాయలసీమలో 1847లో ఉరితీసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని తలుచుకుంటూ పాడుకున్నట్టే. ఆయనది తిరుగుబాటు, ఇతనిది దోపిడీ, మనుషులకి పోలిక లేదు. కానీ సర్కారు చంపిన మనిషిని పాటలో బతికించుకోవడం మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఇంత సంపదా ఇంట్లోనే ఉండిపోయేది. ఎవరో ఒక కూతురు నాకెందుకులే అనుకుంటే అక్కడితో సరి! ఆ గండం గట్టెక్కించినవాడు జాన్ మెరెడిత్. మనకి నేదునూరి గంగాధరం గారు, బిరుదురాజు రామరాజు గారు ఎలాగో ఇక్కడి వాళ్ళకి ఆయన అలాగ. 1950లలో టేపు రికార్డరు పట్టుకుని ఊళ్ళు తిరిగాడు. నీలగిరులు అనదగ్గ బ్లూ మౌంటెన్స్ దాటాక వచ్చే లిత్‌గో ఊళ్ళో సాలీని కలిశాడు. అప్పటికి ఆవిడకి అరవై దగ్గర పడుతోంది. ఒక్క మనిషి దగ్గరే నూట యాభైకి పైగా పాటలు, వాద్యపు వరసలు దొరికాయి! వాటిలో చాలా 1967లో హ్యూ ఆండర్సన్‌తో కలిసి ఆయన వేసిన జానపద గీతాల సంకలనంలోకి ఎక్కాయి. ఆ టేపులు కాన్‌బెర్రాలోని జాతీయ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. సాలీ 1982లో కన్నుమూసింది. ఆవిడ పాటలు ఈనాటికీ ఇక్కడి జానపద క్లబ్బుల్లో పాడుతూనే ఉన్నారు.

ఆవిడ గురించి చదివినప్పుడు మొదట మనం మెరెడిత్‌లా ఉండాలి, ఊరికి వెళ్ళినప్పుడు అమ్మమ్మల పాటలు ఫోనులో పట్టుకోవాలి అనిపించింది. అది ఎలాగూ చెయ్యాల్సిందే. కానీ ఆలోచిస్తే ఈ కథలో మన స్థానం అది కాదు. ఓడెక్కి వచ్చిన సారా స్థానం మనది. విమానమెక్కి వచ్చాం, అంతే తేడా. సారా తన కూతురికి పాడకపోయి ఉంటే సాలీ లేదు, రికార్డు చెయ్యడానికి మెరెడిత్‌కి పాటా లేదు. లాలిపాటో, ఉయ్యాల పాటో, బొబ్బిలి కథలో నాలుగు ముక్కలో... మీకు వచ్చిందేదైనా సరే, ఈ రాత్రి పిల్లల్ని పడుకోబెట్టేటప్పుడు కాస్త గొంతు విప్పి పాడండి. శ్రుతి తప్పినా ఫరవాలేదు లెండి!