జెర్డాన్ దొర, కలివికోడి, మన కంపచెట్లు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు నల్లరేగడిలో పత్తి, సెనగ పండుతాయి. పులివెందుల ఎర్రనేలల్లో శెనక్కాయ, చీనీ పండుతాయి. మట్టి, నీరు, ఎండ ప్రాణం లేనివే. అయినా ఎక్కడ ఏ ప్రాణి బతకాలో తేల్చేది అవే. ప్రాణమున్నవి తిరిగి ఆ నేలను మారుస్తాయి. ఇది కూలి పనిలో మనకు తెలిసిన సంగతే. మన ప్రాంతపు జీవాల గురించి పుస్తకాలు రాసిన జెర్డాన్ కథ కూడా ఇదే చెబుతుంది.

థామస్ జెర్డాన్ 1811లో ఇంగ్లండులో పుట్టాడు. 1836లో ఈస్టిండియా కంపెనీ డాక్టరుగా మద్రాసుకు వచ్చాడు. నెల్లూరులో పనిచేసినప్పుడు యానాదుల నుంచి పక్షుల పేర్లు, వాటి అలవాట్లు తెలుసుకున్నాడు. దక్షిణాది చీమల మీద 1851లో జాబితా అచ్చేశాడు. 1862-64లో భారతదేశ పక్షుల మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. అందులో తెలుగు పేర్లు కూడా ఉన్నాయి. 1872లో ఇంగ్లండులోనే చనిపోయాడు.

మన తూర్పు కనుమల్లో ఆయనకు దొరికిన ఒక పక్షిని 1848లో కలకత్తాలో బ్లైత్ శాస్త్రానికి పరిచయం చేశాడు. మనోళ్లు దాన్ని కలివికోడి అంటారు. 1900 తర్వాత అది ఎవరి కంటా పడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో మన జిల్లాలోనే, రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. పట్టిచ్చింది పక్షులు పట్టి బతికే ఒక స్థానికుడు. ఇంగ్లీషులో పక్షికి మాత్రం దొర పేరే ఉంది. తెలివి పేదోడిది, కీర్తి దొరది!

ఈ పక్షి రాత్రిపూట తిరుగుతుంది. చెదలు, చీమలు తింటుంది. దానికి రాతినేల, పలచని కంపచెట్లు, నడుమ ఖాళీ జాగా కావాలి. పొదలు బొత్తిగా నరికేస్తే దాక్కునే చోటుండదు. మరీ దట్టంగా పెరిగితే పరుగెత్తే చోటుండదు. మితంగా పశువులు మేస్తే, మితంగా కట్టెలు కొడితే ఆ జాగా నిలుస్తుందని పరిశోధకులు చూశారు. 1988లో లంకమల్ల అభయారణ్యం వచ్చింది. పక్షి కోసం తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చాల్సి వచ్చింది.

అడవిని చదునుచేసి అమ్ముకునే వాళ్లను వదిలేసి, నాలుగు మేకలు తోలుకునే కూలోడి మీద కేసు పెడితే పక్షీ బతకదు, మనిషీ బతకడు. కాలువ నీళ్లూ కావాలి, కంపచెట్లూ ఉండాలి. ఎక్కడ తవ్వాలో, ఎక్కడ వదలాలో తేల్చేటప్పుడు ఆ నేల మీద తిరిగే వాళ్లను ముందు అడగాలి. ఈ మాట మన గ్రామసభల్లో మనమే గట్టిగా చెప్పాలి.