ఎల్ఎంఎస్ సర్టిఫికెట్‌తో భీమవరం నుంచి బోస్టన్‌కు

అమెరికాలో స్థిరపడ్డ కొన్ని ఫిలిప్పీన్స్ కుటుంబాల్లో ఓ తాతయ్య కథ ఉంటుంది. 1920ల్లో ఓడెక్కి వచ్చాడు, దొరికిన పనల్లా చేశాడు, రాత్రిళ్లు బాక్సింగ్ రింగ్‌లో దెబ్బలు తిని నాలుగు డాలర్లు సంపాదించాడు... ఇలా మనవలు చెప్పుకుంటారు. ఆ రోజుల్లోనే మన గోదావరి డెల్టా నుంచి కూడా ఒకాయన ఒంటరిగా అమెరికా చేరాడు. ఆయన కథ చెప్పుకోవడానికి మనవలు లేరు. పేరు యల్లాప్రగడ సుబ్బారావు. పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు జీకే పుస్తకంలో ఒక బిట్‌గా తెలిసే పేరే. కానీ ఆ బిట్ వెనకున్న మనిషి వేరు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ కటకటే. పదమూడేళ్లప్పుడు కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుందామని ఇంట్లోంచి పారిపోయాడని, మధ్యలోనే పట్టుకొచ్చారని చెబుతారు. అరటి గెలల మధ్య పెరిగిన పిల్లాడికి ఆ ఐడియా రావడంలో వింతేముంది! రాజమండ్రిలో చదువు సాగింది గానీ మెట్రిక్యులేషన్ రెండుసార్లు పోయింది. తల్లి వెంకమ్మ పట్టు వదల్లేదు. నగలమ్మి మరీ మద్రాసు పంపారంటారు. మూడో ప్రయత్నంలో అక్కడి హిందూ హైస్కూల్ నుంచి పాసయ్యాడు.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్, తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీ. ఇక లైఫ్ సెటిల్ అనుకునే చోట రెండు దెబ్బలు తగిలాయి. స్ప్రూ అనే జబ్బుతో ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. తిన్నది ఒంటబట్టక, విరేచనాలతో మనిషి ఎండిపోయే జబ్బది. అప్పటికి సరైన మందు లేదు. రెండో దెబ్బ ఖద్దరు వల్ల. గాంధీ పిలుపు విని సుబ్బారావు ఖద్దరు గౌను వేసుకుని సర్జరీకి వెళ్తే ఇంగ్లిష్ ప్రొఫెసర్‌కు నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, అంతకన్నా తక్కువ స్థాయి ఎల్ఎంఎస్. ఒక్క కాగితం తేడా, అంతే! ఆ కాగితం ఆయన్ను సముద్రం దాటాక కూడా వెంటాడింది.

కొన్నాళ్లు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో అనాటమీ చెప్పారు. తర్వాత మామగారు పోగుచేసిన డబ్బు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్ ఇచ్చిన మాట ఆసరాగా బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో ట్రాపికల్ మెడిసిన్ కోర్సులో సీటొచ్చింది గానీ స్కాలర్‌షిప్ రాలేదు. చేతిలో ఉన్నది ఎల్ఎంఎస్, కాబట్టి డాక్టర్‌గా పనిచేసే వీల్లేదు. దాంతో పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ పోర్టర్‌గా చేరారు. రోగుల బెడ్‌పాన్లు ఎత్తి శుభ్రం చేయడం పని. పగలు క్లాసులు.

అప్పటి అమెరికా చట్టాలు చూస్తే ఆయన ఎలాంటి చోట నిలబడ్డారో అర్థమవుతుంది. భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని 1923లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చేసింది. ఫిలిప్పీన్స్ అమెరికా పాలనలోనే ఉన్నా ఆ దేశస్థులదీ దాదాపు అదే పరిస్థితి. రావచ్చు, పనిచేయొచ్చు, పౌరులు మాత్రం కాలేరు. అదే ఏడాది జూన్‌లో పాంచో విల్లా అనే ఫిలిప్పీన్స్ కుర్రాడు న్యూయార్క్‌లో జిమ్మీ వైల్డ్‌ను నాకౌట్ చేసి ఫ్లైవెయిట్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. రెండేళ్లకే, 1925లో చనిపోయాడు. వయసు 23. కారణం ప్రత్యర్థి పంచ్ కాదు, పంటి ఇన్‌ఫెక్షన్ గొంతుకు పాకడం. అప్పటికి యాంటీబయాటిక్స్ లేవు మరి.

సుబ్బారావు డిప్లొమా అయ్యాక హార్వర్డ్‌లోనే సైరస్ ఫిస్క్ దగ్గర బయోకెమిస్ట్రీలో చేరారు. ఒంట్లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రచురించారు. బయోకెమిస్ట్రీ విద్యార్థులకు ఫిస్క్-సుబ్బారావు మెథడ్ పేరుతో తెలిసేది అదే. తర్వాత కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. ఇంటర్ బయాలజీలో కణానికి శక్తినిచ్చే కరెన్సీ అని బట్టీ పట్టారే, ఆ ఏటీపీయే. అదే సమయంలో జర్మనీలో లోమన్ కూడా దాన్ని విడిగా కనుగొన్నారు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. ఇంత చేసినా హార్వర్డ్ పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు.

1940లో ఆయన పెర్ల్ రివర్‌లోని లెడర్లీ లేబొరేటరీస్‌కు మారి, పరిశోధన విభాగానికి సారథి అయ్యారు. ప్రొఫెసర్ పోస్టు రాక కంపెనీలోకి వెళ్లడాన్ని ఓటమిగా చూసేవాళ్లుంటారు. నాకైతే అసలు సుబ్బారావు అక్కడే కనిపిస్తారు. ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లో తయారుచేసింది. సోదరులను పొట్టనబెట్టుకున్న స్ప్రూకు పనికొచ్చిన మందు అది. ఆ ఫోలిక్ యాసిడ్‌కు అడ్డుపడే అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్ కూడా అక్కడి నుంచే వచ్చాయి. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమినాప్టెరిన్‌తో బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు చికిత్స చేసి, కొంతకాలమైనా వ్యాధిని వెనక్కి తగ్గించారు. ఒకప్పుడు సుబ్బారావు బెడ్‌పాన్లు ఎత్తిన ఊరే అది. మెథోట్రెక్సేట్ ఇప్పటికీ క్యాన్సర్‌కూ కీళ్లవాతానికీ వాడుతున్నారు. మట్టిలోని సూక్ష్మజీవి నుంచి బెంజమిన్ దుగ్గర్ పట్టుకున్న బంగారు రంగు మందు ఆరియోమైసిన్ 1948లో బయటికొచ్చింది. టెట్రాసైక్లిన్లలో మొదటిది అదే. పాంచో విల్లాకు అందనిది ఇలాంటి మందే.

ఈ కథలో మనం తరచూ దాటేసే పేరొకటుంది... శేషగిరి, సుబ్బారావు భార్య. ఆయన ఓడెక్కేనాటికి ఆమె గర్భవతి. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి వాణ్ని చూడనే లేదు. కొన్నాళ్లలో వచ్చేస్తానని వెళ్లిన మనిషి పాతికేళ్లయినా తిరిగి రాలేదు. చదువు, అప్పులు, పరిశోధన అని ఎన్ని కారణాలు చెప్పుకున్నా, ఆ ఇంట్లో ఎదురుచూసిన మనిషికి అవి సమాధానం కావు. ఆయన గొప్పతనం చెప్పేటప్పుడు ఆ లెక్క కూడా చెప్పాలి.

1946లో అమెరికా ఒకే చట్టంతో భారతీయులకూ ఫిలిప్పీన్స్ వాళ్లకూ పౌరసత్వానికి దారి తెరిచింది. సుబ్బారావు మాత్రం పౌరుడు కాకుండానే 1948 ఆగస్టులో నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53.

అంతకు ఏడాది ముందు, 1947లో, లెడర్లీ నుంచి హెట్రజాన్ అనే మందు వచ్చింది. ఫైలేరియాకు, అంటే మన బోదకాలు జబ్బుకు. దాని అసలు పేరు డైఇథైల్ కార్బమజిన్, పొట్టిగా డీఈసీ. గోదావరి జిల్లాల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి, ఎదురుగా నిలబడి మరీ మింగించిన మాత్రలు అవే. భీమవరం వైపు మీ ఇల్లుంటే, మీరూ చిన్నప్పుడు మింగే ఉంటారు.