ఆచార్య నాగార్జునుడు

ఆచార్య నాగార్జునుడు (సుమారు క్రీ.శ. 150 - 250) బౌద్ధంలో మాధ్యమిక దర్శనానికి మూలపురుషుడు, గొప్ప తార్కికుడు. జ్ఞానం ఎలా కలుగుతుంది, అది సత్యమని దేనివలన నిర్ణయించాలి అనే విషయంపై నైయాయికులతో ఆయన జరిపిన వాదం భారతీయ తత్వశాస్త్ర చరిత్రలో ప్రసిద్ధమైనది. పల్నాడు జిల్లా మాచర్ల మండలంలోని నాగార్జునకొండకు ఆయన పేరే వచ్చింది.

జీవితం

ఆయన జీవితానికి సంబంధించిన సమకాలీన ఆధారాలు దాదాపుగా లేవు. 5వ శతాబ్దం ఆరంభంలో చైనాలో కుమారజీవుడు అనువదించినట్లు చెప్పే జీవితకథ ప్రకారం ఆయన దక్షిణాపథంలోని బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. యౌవనంలో మిత్రులతో కలిసి అదృశ్య విద్యతో రాజాంతఃపురంలో ప్రవేశించగా, మిత్రులు హతులయ్యారు. కోరికయే దుఃఖానికి మూలమని గ్రహించి ఆయన భిక్షువయ్యాడు. సుహృల్లేఖ అనే లేఖను ఒక శాతవాహన రాజుకు రాసినట్లు సంప్రదాయం చెబుతుంది. రసవాదిగా పేరొందిన నాగార్జునుడు తరువాతి కాలపు వేరొక వ్యక్తి అని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం.

నాగార్జునకొండ

1926లో ఇక్కడ ఇక్ష్వాకుల రాజధాని విజయపురి శిథిలాలు వెలుగుచూశాయి. టిబెట్ సంప్రదాయం ఆయన చివరి రోజులు శ్రీపర్వతంపై గడిచాయని చెబుతుంది. ఇక్కడి శాసనాలలో శ్రీపర్వతం పేరు ఉన్నది, కాని ఆయన ఇక్కడ నివసించినట్లు తెలిపే ఇక్ష్వాకు శాసనం లేదు. నాగార్జునసాగర్ జలాశయంలో లోయ మునిగిపోకముందు, 1954 - 60 మధ్య విస్తృతంగా త్రవ్వకాలు జరిపారు. అక్కడ లభించిన వస్తువులు ప్రస్తుతం ద్వీపంగా మారిన కొండపైని మ్యూజియంలో ఉన్నాయి.

ప్రమాణాలపై వాదం

ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అనే నాలుగు ప్రమాణాల వలన యథార్థ జ్ఞానం కలుగుతుందని నైయాయికుల సిద్ధాంతం. విగ్రహవ్యావర్తనిలో నాగార్జునుడు దీనిని ప్రశ్నించాడు. వస్తువును ప్రమాణం నిర్ధారిస్తే, ఆ ప్రమాణాన్ని నిర్ధారించేది ఏది? మరొక ప్రమాణమైతే దానికి ఇంకొకటి కావాలి, ఇది అంతులేని అనవస్థకు దారితీస్తుంది. ప్రమాణానికి ఆధారం అక్కరలేదంటే, అన్నిటికీ ప్రమాణం కావాలన్న నియమమే పోతుంది. అగ్ని తననూ ఇతరాన్నీ ప్రకాశింపజేసినట్లే ప్రమాణమూ అన్న సమాధానాన్ని ఆయన అంగీకరించలేదు. అగ్నిలో చీకటి లేదు కనుక అది తనను ప్రకాశింపజేసుకొనే ప్రసక్తి లేదు. తండ్రి, కొడుకుల వలె ప్రమాణ ప్రమేయాలు పరస్పరాశ్రితాలని ఆయన తేల్చాడు.

అన్నీ శూన్యమైతే ఆయన వాక్యమూ శూన్యమే కదా అన్నది ప్రతివాదుల ఆక్షేపణ. శూన్యం అంటే లేకపోవడం కాదు, స్వతస్సిద్ధ స్వభావం లేకపోవడం అని ఆయన వివరణ. బండి, కుండ, బట్ట కారణాలపై ఆధారపడినవే అయినా తమ పని చేస్తాయి, వాక్యమూ అంతే.

న్యాయసూత్రాలలో, వాత్స్యాయన భాష్యంలో ఇటువంటి ఆక్షేపణకు త్రాసు ఉదాహరణతో సమాధానం ఉన్నది. త్రాసు బంగారాన్ని తూస్తుంది. బరువు తెలిసిన బంగారంతో త్రాసునూ పరీక్షించవచ్చు.

ఆధునిక చర్చలు

నాగార్జునుని లక్ష్యం దుఃఖవిముక్తి, విజ్ఞానశాస్త్ర పద్ధతి కాదు. అయితే 20వ శతాబ్దంలో విజ్ఞానం ఎలా పెరుగుతుందన్న చర్చలోనూ ఇటువంటి చిక్కే ఎదురైంది. సిద్ధాంతాలు అంతిమంగా రుజువు కావని, ఖండన పరీక్షలకు నిలిచినంతకాలమే నిలుస్తాయని కార్ల్ పాపర్ 1934లో వాదించాడు. శాస్త్రజ్ఞుల పరిశీలన సైతం వారు అంగీకరించిన దృక్పథంపై ఆధారపడుతుందని థామస్ కున్ 1962లో ప్రతిపాదించాడు.

రచనలు

మూలమధ్యమకకారిక (27 ప్రకరణాలు) ఆయన ప్రధాన గ్రంథం. శూన్యతాసప్తతి, యుక్తిషష్టిక, రత్నావళి కూడా ఆయన రచనలుగా ప్రసిద్ధం. నైయాయికుల 16 పదార్థాలను ఖండించే వైదల్యప్రకరణం సైతం ఆయనదేనని సంప్రదాయం. టిబెట్, చైనా అనువాదాలలో మాత్రమే తెలిసిన విగ్రహవ్యావర్తని సంస్కృత ప్రతిని 1936లో టిబెట్ లో రాహుల్ సాంకృత్యాయన్ కనుగొన్నాడు. 1976లో గుంటూరు సమీపంలో ఏర్పడిన విశ్వవిద్యాలయానికి నాగార్జునుని పేరు పెట్టారు.